నలభై మూడో నంబరు

కాలేజీ, మూడో అంతస్తు, రికార్డింగు గది
జూన్ 12

అక్కయ్యకి,

ఫోన్ చేస్తే తియ్యవు. తీసినా రెండు ముక్కలు మాట్లాడి "సరేరా, ఉంటా" అని పెట్టేస్తావు. ఇక మీదట ఉత్తరం రాస్తేనే జవాబిస్తానని మొన్న బావ చేత చెప్పించావు. ఉత్తరం! కంప్యూటర్లో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకి నేర్పే ప్రొఫెసర్ని నేను. తపాలా బిళ్ళ ఏ మూల అంటించాలో మర్చిపోయి మా అటెండరుని అడగాల్సి వచ్చింది. ఆయన వారం రోజులు చెప్పుకుని నవ్వుతాడు.

సరే, విశేషాలు. ఈ ఏడు మా ఆన్‌లైన్ కోర్సులో నూట పన్నెండు మంది చేరారు. అందరూ టీచర్లే, లేకపోతే టీచర్లుగా చేసి మానేసినవాళ్ళు. పాఠాలన్నీ ఈ గదిలోనే రికార్డు చేస్తాను. కిటికీల్లేవు, గోడలకి స్పాంజి, ఎదురుగా కెమెరా. "అందరూ బాగున్నారా?" అని అడిగి రెండు సెకన్లు ఆగి, తల ఊపుతాను. బాగానే ఉన్నట్టు లెక్క. విద్యార్థుల పేర్లు నాకు కనిపించవు. పక్షపాతం ఉండకూడదని నంబర్లు మాత్రమే చూపిస్తారు.

ఈసారి కొత్తగా ఒక ఏఐ సహాయకుణ్ణి పెట్టాం. నా పాత పాఠాలన్నీ దానికి ఎక్కించాం. విద్యార్థులు ఏ ప్రశ్న వేసినా నా బదులు అదే జవాబిస్తుంది. వాళ్ళు దానికి అప్పుడే "చిన్న సార్" అని పేరు పెట్టేశారు. పెద్ద సార్‌కి ఆ పేరు అంతగా నచ్చలేదు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ నొప్పులకే కదా రిటైర్మెంటుకి ఏడాది ముందే ఉద్యోగం మానేశావు.

తమ్ముడు


కుట్టు మిషన్ల షాపు పైన, మేడ మీది వాటా
జూన్ 20

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. బిళ్ళ సరైన మూలనే ఉంది, అటెండరుగారికి నా మెప్పు చెప్పు. అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టున్నాయి.

ఉత్తరాలెందుకంటే, ఫోన్లో మాట గాల్లో పోతుంది, కాగితం మీదైతే రెండోసారి చదువుకోవచ్చు. అంతకు మించి ఏం లేదు. మోకాళ్ళు మోకాళ్ళలాగే ఉన్నాయి. మీ బావ కింద షాపులో మిషన్లు విప్పుతూ ఉంటాడు. విప్పినవాటిని బిగించాక ఎప్పుడూ ఒక మర మిగులుతుంది. అది ఎక్కడిదో తెలియక రోజంతా దిగులు పడతాడు.

ఒక్క సందేహం. నువ్వు చెప్పిన పాఠాన్ని మళ్ళీ ఎప్పుడైనా కూర్చుని చూశావా? ముప్పై నాలుగేళ్ళు ఐదో తరగతికి చెప్పాను. బోర్డు మీద రాశాక వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళి, అక్కడికి కనిపిస్తోందో లేదో చూసుకునేదాన్ని. నీ గదిలో వెనక బెంచీ ఎక్కడుంది?

అక్క


కాలేజీ
జులై 9

గౌరవనీయులైన సోదరీమణికి,

మీ లేఖ అందుకోవడం నాకు అమితమైన ఆనందాన్ని కలిగించింది. వెనుక బెంచీ గురించి మీరు లేవనెత్తిన అంశం అత్యంత విలువైనది, లోతైనది. నేటి వేగవంతమైన ప్రపంచంలో బోధన అనేది కేవలం సమాచారం అందించడం మాత్రమే కాదు, అది ఒక అనుబంధం. బావగారి మర విషయం మనందరికీ ఓర్పు యొక్క ప్రాముఖ్యతను గుర్తు చేస్తుంది. మీ మోకాళ్ళ ప్రయాణం స్ఫూర్తిదాయకంగా కొనసాగాలని హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తూ,

మీ ప్రియ సోదరుడు


మేడ మీది వాటా
జులై 15

ప్రొఫెసర్ గారికి,

తమరి ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. పదికి రెండు మార్కులు. ఒకటి అక్షర దోషాలు లేనందుకు, ఒకటి కాగితం శుభ్రంగా ఉన్నందుకు. నా మోకాళ్ళు ఎక్కడికీ ప్రయాణం చెయ్యవు, చేస్తే నేనే చేస్తాను. మీ బావ "ఓర్పు యొక్క ప్రాముఖ్యత" చదివి, మర వెతకడం మానేసి పడుకున్నాడు.

ఇది ఎవరు రాశారో నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవు చీటీలు నా చేత రాయించుకునేవాడివి. అప్పుడు కనీసం జ్వరం నీది, రాత నాది. ఇప్పుడు ఆ రెండూ ఎవరివో తెలియడం లేదు.

అక్క


కాలేజీ, మా గది
ఆగస్టు 3

అక్కయ్యా,

తప్పయింది. పరీక్ష పేపర్ల పనిలో తీరిక లేక ఏఐకి అప్పగించాను. ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను, ఈ కొట్టివేతలే సాక్ష్యం. మీ మరదలు నా పక్కనే కూర్చుని "మోకాళ్ళ ప్రయాణం" అని గుర్తు చేసుకుంటూ నవ్వుతోంది. ఐదు రోజుల నుంచీ ఇదే వరస.

నా గోల వేరే ఉంది. నలభై మూడో నంబరు అని ఒక విద్యార్థి ఉన్నాడు. ప్రత్యక్ష తరగతిలో కెమెరా పెట్టడు, మైకు పెట్టడు, పలకడు. కానీ ప్రతి పాఠం అవ్వగానే రెండు పేజీల జాబితా పంపుతాడు. వీడియోలో నేను మాట్లాడుతుంటే కింద మాటలు అక్షరాలుగా పడతాయి కదా, అవి కంప్యూటరు తనంతట తనే వేస్తుంది. వాటిలో తప్పులు ఏరడమే వీడి పని. నేను "ఆన్‌లైన్ బోధన" అంటే "ఆన్‌లైన్ రోదన" అని పడిందట. "స్వీయ అభ్యసనం" అంటే "స్వీయ వ్యసనం" అట. "మూల్యాంకనం" వచ్చిన ప్రతిచోటా "మూల అంకుల్" అని ఉందట. "గురువుగారూ, ఈ మూల అంకుల్ ఎవరు? ప్రతి పాఠం చివరా ఆయన తప్పనిసరి అంటున్నారు" అని అడిగాడు. అంత పనిలేనివాడు.

ఇంకోటి విను. చిన్న సార్ వాడికి నేను రాయని పుస్తకం ఒకటి చదవమని చెప్పాడు. పేరు, పేజీ నంబరు కూడా ఇచ్చాడు. వాడు నేరుగా డీన్‌గారికి రాసి ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. డీన్‌గారు కారిడార్లో ఆపి, "పుస్తకం రాశారట, మాట మాత్రం చెప్పలేదే!" అని చెయ్యి కలిపారు. కాదని చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, అయినా ఆయన పూర్తిగా నమ్మలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాడి అసైన్‌మెంటు వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఏఐ రాతని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించాం, అందులో పెడితే "తొంభై నాలుగు శాతం యంత్రం రాసింది" అని వచ్చింది. చూశావా, ఇంతకాలం నాకు వంకలు పెట్టినవాడి బండారం!

తమ్ముడు


మేడ మీది వాటా
ఆగస్టు 11

తమ్ముడికి,

తప్పుల్లేకుండా రాస్తే మనిషి కాదని నీకెవరు చెప్పారు? ఇంకో యంత్రమా?

ఆ విద్యార్థి వాడో, ఆవిడో నీకు తెలియదు. ఒకటికి రెండుసార్లు దిద్దుకుని రాసే అలవాటు ఉన్నవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వంకలు పెట్టారంటున్నావు. వాళ్ళు చెప్పినవి నిజంగా ఉన్నాయో లేదో వెళ్ళి చూశావా? చూసి ఉంటే ఆ మాట నీ ఉత్తరంలో ఉండేది. లేదు కాబట్టి చూడలేదు.

ఒక పని చెయ్యి. జులైలో నాకు పంపిన ఆ స్ఫూర్తిదాయకమైన ఉత్తరాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టి చూడు.

అక్క


కాలేజీ
సెప్టెంబరు 14

అక్కయ్యకి,

నీ మాట కాదనలేక పెట్టాను. "తొంభై ఒక్క శాతం మనిషి రాసింది" అంది. మీ మరదలికి చెప్పకు.

అయినా ఒక్క పొరపాటుతో సాఫ్ట్‌వేర్ అంతా తప్పని అనలేం. డీన్‌గారు ఫిర్యాదు ఫారం నింపమన్నారు, నింపాను. రుజువైతే నలభై మూడో నంబరు పేరు కోర్సు నుంచి కొట్టేస్తారు, మూడేళ్ళ దాకా మళ్ళీ చేరనివ్వరు. అన్యాయం జరగకూడదని నేనే ఒక అవకాశం ఇప్పించాను. కెమెరా పెట్టి మా ముగ్గురి ఎదుటా కూర్చుని, నోటితో అడిగే ఐదు ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పాలి. తన రాతే అయితే భయమేముంది?

ఏమని బదులొచ్చిందో తెలుసా? "ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వగలరా?" అని. రాతలో ఇస్తే చిన్న సార్‌ని అడిగి చెప్పెయ్యొచ్చు కదా! దొరికిపోయాడు అక్కయ్యా. కుదరదని రాసేశాను.

తమ్ముడు


మేడ మీది వాటా
సెప్టెంబరు 22

ప్రొఫెసర్ గారికి,

మీరు ఇరవయ్యో పాఠంలో "విద్యార్థి ఏదైనా వేరే పద్ధతిలో అడిగితే, ముందు ఎందుకని అడగండి" అని చెప్తారట. మీరు అడిగారా?

అక్టోబరు నాలుగున పదకొండు గంటలకి కదా. ఆ మనిషి తప్పకుండా వస్తుంది. మీరు నిద్ర బాగా పోయి రండి.

అక్క


కాలేజీ, రికార్డింగు గది
అక్టోబరు 5

అక్కయ్యా,

నేను నీకు తేదీ రాయలేదు. గంట కూడా రాయలేదు. ఇరవయ్యో పాఠం సంగతి అంతకన్నా రాయలేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, "అక్కయ్యకి కోపం వచ్చినట్టుంది" అని మాత్రం అనుకున్నాను. నన్ను ప్రొఫెసర్ చేసినవాళ్ళని అనాలి.

నిన్న నీకు కనిపించనిదంతా చెప్తాను. మేం ముగ్గురం, నేను, డీన్‌గారు, లెక్కల మేడమ్, పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాం. నేను ఐదు ప్రశ్నలూ మూడు రంగుల్లో రాసుకుని, లాయరులాగా గొంతు సవరించుకున్నాను. తెర మీద నలుపు పోయింది. మీ మేడ మీది గది, ఇనప బీరువా, దాని ముందు నువ్వు. బడి తనిఖీకి వచ్చిన అధికారి ముందు కూర్చున్నట్టు నిటారుగా.

"అక్కా, నువ్వా!" అని అరిచాను.

డీన్‌గారు ఉలిక్కిపడి, "ఎవరూ? మీ అక్కగారా?" అన్నారు.

"పేర్లు తీసేసి నంబర్లు పెట్టింది పక్షపాతం ఉండకూడదనే కదండీ. బ్రహ్మాండంగా పనిచేసింది" అంది లెక్కల మేడమ్.

నువ్వేమో నా అరుపుకి ఫక్కున నవ్వావు. తర్వాత ఒక అట్ట పైకెత్తి చూపించావు. పెద్ద అక్షరాలతో "నాకు వినపడదు. ప్రశ్నలు టైపు చేయండి."

డీన్‌గారే ఒంటి వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టారు. ఆయన "పాఠం విద్యార్థికి చేరిందని" దాకా కొట్టేసరికే నువ్వు బడి గొంతుతో జవాబు చెప్పేశావు. "అర్థమైందా అని అడక్కూడదండీ. అందరూ అయిందనే అంటారు. ఏం అర్థమైందో చెప్పమనాలి." మిగతా నాలుగు ప్రశ్నలూ పావుగంటలో అయిపోయాయి. లెక్కల మేడమ్ నోట్సు రాసుకుంది. నీకు మార్కులు వెయ్యాల్సింది పోయి నోట్సు రాసుకుంది!

వాళ్ళు వెళ్ళాక ఈ గదిలోనే కూర్చుని నా మూడో పాఠం పెట్టుకున్నాను, శబ్దం తీసేసి. పన్నెండు నిమిషాలు చూడగలిగాను. ఎవడో ఒకడు తలుపు తాళం పోగొట్టుకున్నవాడిలా చేతులు ఊపుతున్నాడు. ముఖ్యమైన ముక్క వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి బోర్డుతో మాట్లాడుతున్నాడు. కింద "స్వీయ వ్యసనం అందరికీ అవసరం" అని పడుతోంది. నువ్వు పంపిన జాబితాలో ఒక్కటి కూడా అబద్ధం కాదు.

ఎప్పటినుంచి అక్కా? నాకెందుకు చెప్పలేదు? నేను అంత పరాయివాణ్ణా? నిన్న ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. మీ మరదలికి విషయం చెప్తే నవ్వడం ఆపేసింది, ఇన్నాళ్ళకి.

తమ్ముడు


మేడ మీది వాటా
అక్టోబరు 12

ఒరేయ్ నాన్నా,

అన్నం మానకు. ముందు అది.

నువ్వు అరిచింది నాకు వినపడలేదు. కింద అక్షరాల్లో "అక్కా నవ్వు" అని పడింది. నవ్వమన్నావనుకుని నవ్వాను.

నాలుగేళ్ళయింది. ముందు ఎడమ చెవి, తర్వాత కుడిది. మోకాళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి, పాపం వాటి మీద నెట్టేశాను. తరగతిలో పిల్లల మూతులు చూసి అందాజుగా నెట్టుకొచ్చేదాన్ని. ఒకరోజు మొదటి వరసలో పిల్ల లేచి ఏదో అంది. పద్యం అప్పజెప్పిందనుకుని "చాలా బాగుంది, కూర్చో" అన్నాను. ఆ పిల్ల అన్నది "టీచర్, వాంతి వస్తోంది" అని. చెప్పిన మాట వినే పిల్ల, కూర్చుంది. తర్వాత జరిగింది రాయను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రాజీనామా రాశాను.

చెవి మిషను కూడా పెట్టుకుని చూశాను. గిన్నెల చప్పుడు, మీ బావ సుత్తి చప్పుడు అద్భుతంగా వినిపిస్తాయి. మనిషి మాట మాత్రం నీళ్ళలో నుంచి వచ్చినట్టుంటుంది.

నీకెందుకు చెప్పలేదంటే, తెలిసినవాళ్ళందరూ నాతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారురా. అరిచేటప్పుడు మనుషులు మంచి మాటలు చెప్పరు. "అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా" ఈ రెండే అరుస్తారు. నువ్వు నాతో మామూలుగా పోట్లాడతావు. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. నిరుడు ఫోన్లో నువ్వేదో చెప్తే "మంచిదే, సంతోషం" అన్నానట. నీకు కామెర్లు వచ్చాయని చెప్పావట. మీ బావ చెప్తే ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను. ఆ తర్వాతే ఫోన్ ఎత్తడం తగ్గించాను.

కోర్సు సంగతి. నీ పాఠాలకి కింద అక్షరాలు పడతాయని మీ బావే కనిపెట్టాడు. నీ మాట వినలేకపోతే చదువుకోనైనా చదువుకోవచ్చని చేరాను. మొదటి పాఠంలోనే "అందరం చర్చా వేదికలో కలుద్దాం" అని నువ్వంటే, నాకు "అందరం చచ్చాక వేదికలో కలుద్దాం" అని పడింది. అప్పుడే అనుకున్నాను, వీడిని ఊరికే వదలకూడదని.

మధ్యలో చెప్పేద్దామనే అనుకున్నాను. ఈలోగా నన్ను దొంగ అన్నావు. ఇక చెప్తానా?

ఒకటి మాత్రం నిజం. నీ పాఠాలు బాగుంటాయిరా. నువ్వు నవ్వే చోటు నాకు తెలుసు కాబట్టి, అక్షరాలు తప్పు పడ్డా నవ్వుకున్నాను. తెలియనివాళ్ళ మాటేమిటి?

అక్క


కాలేజీ
నవంబరు 8

అక్కయ్యకి,

అన్నం తింటున్నాను. జరిగింది వరసగా రాస్తాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే డీన్‌గారు ఒప్పుకోలేదు. "మీ అక్కగారని వదిలేశారంటారండీ. పైగా ఆ సాఫ్ట్‌వేర్ తెప్పించి ఆర్నెల్లు కాలేదు" అన్నారు. నిజమే, నీ ఒక్కదాని విషయమైతే అలాగే ఉంటుంది. చూస్తే అది నీతో కలిపి తొమ్మిది మందిని పట్టుకుంది. మిగతా ఎనిమిది మందికీ ప్రొఫెసర్ తమ్ముళ్ళు లేరు.

అందుకని స్టాఫ్ మీటింగులో లేచి నిలబడ్డాను. నీకు జులైలో పంపిన ఉత్తరం, నువ్వు దిద్దిన ఎర్ర సిరాతో సహా, అందరికీ చదివి వినిపించాను. "ఇది ఏఐ రాసింది. నేను సొంత అక్కకి నా పేరుతో పంపాను. మన సాఫ్ట్‌వేర్ దీన్ని మనిషి రాత అంది. ముప్పై నాలుగేళ్ళు దస్తూరి దిద్దించిన టీచరు రాతని యంత్రం అంది" అని చెప్పాను. "మోకాళ్ళ ప్రయాణం" దగ్గరికి వచ్చేసరికి డీన్‌గారు కూడా ఆపుకోలేకపోయారు. ఇప్పుడు కాలేజీ అంతా నన్ను చూసి మోకాళ్ళ వైపు చూస్తోంది. భరిస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టారు. తొమ్మిది మందితోనూ, ఎవరికి వీలైన పద్ధతిలో వాళ్ళతో, కూర్చుని మాట్లాడాం. ఇద్దరు నిజంగానే ఏఐ చేత రాయించారు, అడగ్గానే ఒప్పుకున్నారు, మళ్ళీ రాస్తున్నారు. మిగతా ఏడుగురూ చేసిన నేరం శుభ్రంగా రాయడమే. వాళ్ళకి నేనే స్వయంగా క్షమాపణ రాశాను, చేత్తో. "చదవడానికి కష్టంగా ఉంది సార్, కానీ సంతోషం" అని ఒకావిడ బదులిచ్చింది.

చిన్న సార్‌ని కూడా కట్టడి చేశాం. తెలియనిది తెలియదని చెప్పడం నేర్పుతున్నాం. వాడికి ఎక్కడం లేదు, నా పాఠాలు తిని పెరిగినవాడు కదా.

ఇక నుంచి ఏ పాఠమైనా, చెప్పినవాళ్ళే శబ్దం తీసేసి మొదటి నుంచి చివరిదాకా చూశాకే బయటికి వెళ్ళాలి. కింది అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో దిద్దాలి. భౌతికశాస్త్రం ఆయన తన పాఠం చూసుకుని, "నేను ఇంత ముక్కు గోక్కుంటానా?" అని రెండు రోజులు సెలవు పెట్టాడు.

నీ పేపరు నేను ముట్టుకోలేదు. లెక్కల మేడమ్ దిద్దింది. ఎనభై నాలుగు వచ్చాయి.

చివరగా ఒక మనవి. కోర్సు ఆఖరి తరగతి నువ్వు చెప్పాలి. డీన్‌గారే అడగమన్నారు.

తమ్ముడు


మేడ మీది వాటా
డిసెంబరు 19

తమ్ముడికి ఆశీస్సులు.

మిగతా పదహారు మార్కులు ఎక్కడ పోయాయో లెక్కల మేడమ్‌ని రాసి పంపమను.

తరగతి అయ్యాక నువ్వు గదిలోంచి లేచి వెళ్ళిపోయావు, కళ్ళు తుడుచుకోవడం కెమెరాలో కనిపించింది. అందుకని తర్వాత జరిగింది నీకు తెలియదు, రాస్తున్నాను.

మైకులన్నీ కట్టేసి, ఆ గంటా అందరూ రాతలోనే మాట్లాడాలని నేను పెట్టిన షరతుకి మొదట గొడవ పడ్డారు కదా. పదో నిమిషానికి చూశావా? ఎప్పుడూ నోరు విప్పరని నువ్వన్న వాళ్ళే ఆపకుండా రాశారు. నా కళ్ళు పట్టుకోలేకపోయాయి. ఒకాయన మూడు పేజీలు రాసి, "మేడమ్, నాకు నత్తి. ఇన్నాళ్ళకి వాక్యం పూర్తి చేశాను" అన్నాడు. నాకు కాసేపు తెర కనపడలేదు.

అందరూ వెళ్ళిపోయాక ఒక్క నంబరు మిగిలింది. డెబ్బై ఒకటి. నాకు మాత్రమే కనిపించేలా ఇలా రాసింది: "టీచర్, నాకూ ఏడాదిగా సరిగ్గా వినపడటం లేదు. బళ్ళో తెలియదు, ఇంట్లో తెలియదు. మా అన్నయ్య రోజూ ఫోన్ చేస్తాడు, ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తున్నాను. వాడికి ఎలా చెప్పాలి?"

మీ బావ టీ పట్టుకొచ్చి, నా భుజం మీంచి చదివి, పక్కనే కూర్చున్నాడు. నాలుగు రకాలుగా రాసి కొట్టేశాను. చివరికి ఇలా పంపాను:

"అమ్మాయ్, ఇవాళే చెప్పెయ్యి. నేను మా తమ్ముడికి చెప్పిన దారిన చెప్పాలంటే నాలుగు నెలలు పడుతుంది, పైగా అసైన్‌మెంట్లన్నీ రాయాలి."

అక్క